పెద్దింటి పాత బండి



మన నిజామాబాదు నగరమునందును, బోధను, ఆర్మూరు, బాన్సువాడ పట్టణములయందును కొంతకాలముగా ఒక క్రొత్త వేడుక కానవచ్చుచున్నది. పసుపు మంచి ధర పలికిన యేటనో, దుబాయినుండి కొడుకు పంపిన పైకము కూడినప్పుడో, ఊరిచివరి మడి ప్లాట్లుగా మారిన పుణ్యముననో చేతికి పది లక్షలు చేరిన గృహస్థుడు, పూర్వమైనచో ఆ సొమ్మునకు వచ్చు చిన్న కొత్త కారును కొని తృప్తిపడియుండెడివాడు. నేడట్లు కాక, హైదరాబాదులోని ఆటో కన్సల్టెన్సీల వెంట తిరిగి, క్రొత్తదైయున్ననాడు యాబది లక్షలు పలికిన జర్మను సెడానును, అందులోను డీజిలుదానిని, ఏరికోరి తెచ్చి ఇంటి ముంగిట నిలుపుచున్నాడు. వాకిలి చిన్నది, బండి పెద్దది. సగము లోపలనున్న తక్కిన సగము వీధిలోనే యుండును. అయినను చూచువారి కన్నులకు పండుగ, ఎక్కువారి నడుములకు సుఖము. నేనా సుఖమును నిందింపను. పదేండ్లు తిరిగిన మంచి సెడాను నేటికిని జాతీయ రహదారిపై నేల నంటిపెట్టుకొని పోవు తీరును, లోపల కూర్చున్నవారు గొంతెత్తకయే మాటలాడుకొనగల నిశ్శబ్దమును క్రొత్త చిన్నకారులలో వెదకినను దొరకవు.

చిక్కంతయు ఒక్క లెక్కలో నున్నది. ఏండ్లు గడచినకొలది బండి వెల తగ్గును గాని దాని విడిభాగముల వెల తగ్గదు. యాబది లక్షల బండి పండ్రెండేండ్లకు పది లక్షలకు దిగిరావచ్చును. దాని ఇంజెక్టరు, దాని గేరుబాక్సు, దాని హెడ్‌లైటు మాత్రము నేటికిని యాబది లక్షల బండి ఇంజెక్టరే, యాబది లక్షల బండి గేరుబాక్సే, యాబది లక్షల బండి హెడ్‌లైటే. ఒక్కొక్క ఇంజెక్టరు వెల పదులవేలలో నుండును. నాలుగు సిలిండర్ల ఇంజనుకు అట్టివి నాలుగు కావలెను. కొనుటకు పది లక్షలవాని శక్తి చాలినను, పోషించుటకు యాబది లక్షలవాని ఓపిక కావలెనని దీని తాత్పర్యము. ఈ సంగతి అమ్మువాడు చెప్పడు. చెప్పవలసిన అగత్యము వానికి లేదు. కొనువాడు అడుగడు, ఆ వేళ వాని చూపంతయు తోలు సీట్లమీద నుండును.

డీజిలు ఇంజను మొండిది, దానికి చావు లేదు అను ప్రతీతి మన జిల్లాలో గట్టిగా వేరూనుకొనియున్నది. దీనికి ఆధారము లేకపోలేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నడిపిచూపిన యంత్రము స్పార్కు ప్లగ్గు అక్కర లేక, గాలిని మితిమీరి నొక్కుటచే పుట్టిన వేడిమికే చమురును మండించునట్టిది. అంతటి ఒత్తిడిని ఓర్చుకొనవలెను గనుక దాని దిమ్మె, దాని క్రాంకు, దాని పిస్టను అన్నియు బలిష్ఠముగా పోతపోసినవే. అట్టి ఇంజనును సామాన్యముగా అమ్ముడుపోవు కారులో నమర్చినవారిలో ప్రథములు మెర్సిడెస్-బెంజ్‌వారు. 1936లో వారు వెలువరించిన 260 డి అను కారు, నలువదియైదు అశ్వశక్తులతో మెల్లగా సాగినను, తక్కువ చమురు త్రాగుచుండుటచే జర్మను టాక్సీవారికి ప్రీతిపాత్రమాయెను. బోధనులో నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమాయెను గనుక, డీజిలు సెడాను ఆ కర్మాగారపు ఊరైన మన శక్కర్‌నగర్‌కంటె ఒక్క యేడు పెద్దదని చెప్పవచ్చును.

మన దేశమున ఆ కీర్తిని నిలిపినది 1995లో పూణెలో కూర్పు మొదలైన మెర్సిడెస్ ఈ-క్లాస్. దాని 250 డి ఇంజనులో కంప్యూటరు పెత్తనము మిక్కిలి స్వల్పము. చమురును అందించునది గేర్లతోను, ప్లంజర్లతోను పనిచేయు పంపు. అట్టి పంపు మన మిస్త్రీలకు చిరపరిచితము. మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అనగా మన వాడుకలో మైకో, 1951లో బెంగళూరున వెలసిన నాటినుండి లారీకిని ట్రాక్టరుకును చాలకాలము ఆ పంపులే దిక్కైనవి. వానిని విప్పి, కడిగి, వాషర్లు మార్చి, కాలిబ్రేషను బల్లమీద పెట్టి సరిచూచు దుకాణములు మన బోధను రోడ్డు వెంబడి పుట్టిపెరిగినవి. ఆ పనివాండ్ర చేతి నేర్పు గొప్పది. డీజిలు మొండిదన్న నమ్మకము ఆ పంపులను, ఆ చేతులను చూచి పుట్టినదే. అయితే నేడు మీరు కొనబోవు బండిలో ఆ పంపు లేదు. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడన్నట్లు, పాత డీజిలు సంపాదించిన పేరుమీద క్రొత్త డీజిలు అమ్ముడుపోవుచున్నది.

1997లో ఆల్ఫా రోమియో 156 అను ఇటాలియను కారుతో కామన్ రైల్ అను పద్ధతి కారులలో ప్రవేశించెను. ఒక పంపు చమురును ఉక్కు గొట్టములోనికి అత్యంత పీడనముతో ఎక్కించి నిలువచేయును. అందుండి ప్రతి సిలిండరునకు ఒక్కొక్క ఇంజెక్టరు, కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి, సెకనులో వేయవభాగపు లెక్కన తెరచుకొని మూసికొనును. కారు చక్రములో గాలి పీడనము రెండు బార్లకు కొంచెము మించి యుండును. ఈ గొట్టములోని పీడనము మొదటి తరము బండ్లలో 1,350 బార్లు, ఇటీవలివానిలో 2,000 బార్లకు పైమాట. ఇంజెక్టరు మొనలోని రంధ్రములు మిల్లీమీటరులో పదవవంతు మాత్రము. అంతటి సూక్ష్మమైన దారిలో ఒక్క ఇసుక నలుసు, ఒక్క నీటిచుక్క, ఒక్క తుప్పు రేణువు చేయగల అపకారము ఎంతటిదో శ్రోతలు ఊహింపగలరు. మరియొక విశేషము: ప్రతి ఇంజెక్టరు తలమీద అక్షరములు, అంకెలు కలిసిన సంకేతమొకటి చెక్కియుండును, పాతది తీసి క్రొత్తది బిగించినప్పుడు ఆ సంకేతమును స్కానరుద్వారా ఇంజను కంప్యూటరునకు ఎక్కింపనిదే చమురు కొలత సరిపడదు, ఇంజను నిలకడగా నడువదు. స్పానరు పట్టిన చేయి ఎంత గొప్పదైనను ఇచ్చట ఒంటరిగా చాలదు. నే నెరిగిన వృద్ధ మిస్త్రీయొకరు, జిల్లాలోని లారీవారందరు సలాము చేయునంతటి పనివారు, అట్టి బండి యొకటి తన షెడ్డు ముందర నిలువగా బానెట్టు ఎత్తి, చూచి, మరల దించి, "అన్నా, ఇది మా ట్రాక్టరు పంపు కాదు, నేను చెయ్యి పెడితే ఇంకింత ఖరాబైతది, పట్నం కొండవో" అని నిర్మొగమాటముగా చెప్పెను. ఆయనపై నాకు గౌరవము ద్విగుణమాయెను. అట్లు చెప్పనివారే బండికి ప్రమాదము.

పట్నము, అనగా హైదరాబాదు, మనకు సుమారు నూటడెబ్బదియైదు కిలోమీటర్లు. మనకు దగ్గరలో ఈ బండ్ల అధీకృత వర్క్‌షాపులు అచ్చటనే గలవు గనుక, చెడిన బండిని లారీమీద ఎక్కించి పంపు ఖర్చు కూడ బండి ఖర్చులోనిదే యని ముందే వ్రాసికొనవలెను.

చమురు మాట వచ్చినది గనుక దానిని గూర్చి ఇంకొంచెము చెప్పెదను. 2010లో హైదరాబాదు మొదలగు పదమూడు నగరములకు భారత్ స్టేజి నాలుగు డీజిలు ముందుగా వచ్చెను. అందలి గంధకము పదిలక్షల పాళ్ళకు యాబది పాళ్ళు మించరాదు. అప్పటికి తక్కిన ప్రాంతములకు వచ్చు డీజిలులో మూడువందల యాబది వరకు ఉండవచ్చును. దేశమంతటికి యాబది పాళ్ళ నియమము 2017 ఏప్రిలులోను, పది పాళ్ళ నియమము 2020 ఏప్రిలులోను వచ్చినవి. గంధకము మండి నీటి ఆవిరితో కలిసిన ఆమ్లమగును. ఆ ఆమ్లము ఇంజను ఆయిలును త్వరగా చెరచును. కావున పండ్రెండు పదునాలుగేండ్ల క్రిందటి బండిని చూచునప్పుడు, అది ఎచ్చట పెరిగినది, ఏ ఊరి బంకు చమురు త్రాగినది, ఆయిలు ఎన్నిమారులు మారినది అని విచారించుట చాదస్తము కాదు. అంతకంటె ముఖ్యమైనది మన చేతిలోనే యున్నది. కొట్టములో ట్రాక్టరు కొరకు పీపాలో నింపియుంచిన డీజిలును, వేళకు బంకు దూరమను సాకుతో, క్యానుతో ముంచి ఈ బండిలో పోయు అలవాటు బోధను ప్రాంతపు పెద్ద రైతులలో నున్నది. వానకాలమున పీపా లోపలి గోడకు చెమ్మపట్టి అడుగున నీరు చేరును. ట్రాక్టరు దానిని దగ్గి దిగమ్రింగును. కామన్ రైల్ దిగమ్రింగదు. నీరు పట్టిన పంపు అరగి, ఆ ఉక్కుపొడి గొట్టమునిండ ప్రాకి, నాలుగు ఇంజెక్టర్లును ఒక్కమారే పాడగును. అప్పుడు ట్యాంకు మొదలు ఇంజెక్టరువరకు సర్వము మార్చవలసివచ్చును.

యంత్రమును పోషించుట ఎట్టిదో మన ప్రాంతమువారికి ఇతరులు నేర్పనక్కరలేదు. శక్కర్‌నగర్‌లో పనిచేసిన కుటుంబములలో పెద్దలను అడుగుడు. చలికాలమున మొదలైన క్రషింగు ఎండలు ముదురువేళకు ముగియగానే కర్మాగారము నిద్రపోయెడిది కాదు. ఆఫ్ సీజను అను పేరుతో అసలు పని అప్పుడే మొదలయ్యెడిది. రోలర్లను విప్పి పండ్లు తిరిగి కోయుట, బాయిలరు గొట్టములను గీకుట, ఎవాపరేటర్లలో పేరుకొన్న పొక్కును రాల్చుట, పంపులను ఒక్కొక్కదానినే తెరచి బేరింగులు చూచుట, ఇదంతయు జరిగిన పిమ్మటగాని మరుసటి చెరకు గేటులోనికి వచ్చెడిది కాదు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడిన తరువాత అందలి యంత్రములు ఏమైనవో మన కందరకును తెలిసినదే. ఆ విచారము నేటి ప్రసంగవిషయము కాదు. నేను చెప్పవచ్చినదేమనగా, మంచి మిల్లు ఫిట్టరు ఏ యంత్రమునుగూర్చియు అది ఎంత నడచినదని మొదట అడుగడు, దానికి ఏమేమి చేసిరని అడుగును. పాత సెడానునుగూర్చి అడుగవలసిన ప్రశ్నయు నదియే. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, ప్రతి పదివేలకు ఆయిలు మారి, అరువదియైదువేలకు గేరుబాక్సు ఆయిలు మారి, ప్రతి పనికిని రసీదున్న బండి యొకటి. నలువదివేలు మాత్రమే తిరిగి, ఏండ్ల తరబడి షెడ్డులో ధూళి త్రాగిన బండి యొకటి. ఈ రెంటిలో నన్నెన్నుకొమ్మన్న, మొదటిదానికే నా బయానా.

మన బజారు మాత్రము దీనికి విరుద్ధముగా నడచును. కన్సల్టెన్సీవారు ముందుగా మీటరు చూపుదురు. "సార్, సింగిల్ ఓనర్, ఖలీల్‌వాడి డాక్టరు సాబ్ బండి, మొత్తం షోరూం ట్రాక్" అందురు. అమ్మకమునకు వచ్చిన ప్రతి బండియు ఖలీల్‌వాడి డాక్టర్లదే యైనచో, ఆ పుణ్యాత్ములకు రోగులను చూచుటకు తీరిక యెట్లు చిక్కినదో నాకు బోధపడదు. మీటరును వెనుకకు త్రిప్పుట నేడు లాప్‌టాప్‌తో చిటికెలో పని; కాని తిరిగిన దూరము ఒక్క మీటరులోనే నమోదు కాదు. గేరుబాక్సు కంప్యూటరు మొదలగు ఇతర భాగములలోను, కొన్ని బి.ఎం.డబ్ల్యూ బండ్ల తాళముచెవిలోను కూడ అది నిలిచియుండును. తెలిసినవాడు స్కానరు తగిలించిన బయటపడును. ఛాసిస్ నంబరు పట్టుకొని అధీకృత వర్క్‌షాపుకు పోయిన, అచ్చట ఆ బండికి జరిగిన పనుల పట్టిక ఉండును. యజమాని సమ్మతితో దానిని చూడవచ్చును. ఏ సంవత్సరమునుండి ఆ పట్టిక ఆగిపోయినదో గమనింపుడు. వారంటీ ముగిసిన యేడే ఆగినచో, ఆ మీదట బండి చేతులు మారినదనియో, కాకున్న యజమాని మనసు మారినదనియో గ్రహింపవలెను.

ఆకాశవాణిలో కంపెనీల పేర్లు చెప్పి దోషములెంచుట మర్యాద కాదందురు. అయినను రోగి పేరు దాచి రోగము మాత్రము చెప్పినచో మందు ఎవరికో తెలియదు గనుక, లోకప్రసిద్ధములైన నాలుగు సంగతులను మాత్రము చెప్పి తప్పుకొనెదను. బి.ఎం.డబ్ల్యూవారి ఎన్ 47 అను రెండు లీటర్ల డీజిలు ఇంజను 2007లో వచ్చినది. మన దేశమున 320 డి, 520 డి బండ్లలో విరివిగా అమ్ముడుపోయినది. దాని టైమింగు చైను ఇంజనుకు ముందువైపున కాక గేరుబాక్సువైపున అమరియుండును. తొలి సంవత్సరముల బండ్లలో ఆ చైను సాగుట, దాని గైడ్లు విరుగుట ప్రపంచమంతటను విన్న మాటయే. చైను వెల పెద్దది కాదు. దానిని చేరుటకు ఇంజనునో గేరుబాక్సునో దింపవలసివచ్చును గనుక కూలి పెద్దది. చైను తెగిన వాల్వులు పిస్టనుకు కొట్టుకొని ఇంజనే పోవును. 2014నుండి దాని స్థానమున వచ్చిన బి 47 ఇంజను ఈ విషయమున మేలైనది. మెర్సిడెస్‌వారి ఓ.ఎం. 651 అను ఇంజనులో, 2008నుండి మొదటి కొన్ని సంవత్సరములు, పీజో ఇంజెక్టర్లు కారి చెడిపోయెను. తరువాత కంపెనీవారు వేరు రకమునకు మారిరి. కావున ఆ కాలపు బండిలో ఇంజెక్టర్లు మార్చిన రసీదు దొరికిన సంతోషింపవలెను; మార్చినందుకు అనుమానింపరాదు. ఆడి, స్కోడా, ఫోక్స్‌వాగన్ బండ్లకు ఉమ్మడిగా నమర్చిన ఇ.ఎ. 189 ఇంజను పేరు 2015లో పొగ లెక్కల మోసము బయటపడినప్పుడు లోకమంతట మ్రోగినది. ఆ డిసెంబరులో మన దేశమున 3,23,700 బండ్లను వెనుకకు పిలిచి సాఫ్ట్‌వేరు మార్చుటకు ఫోక్స్‌వాగన్ సంస్థ పూనుకొనినది. మీరు చూచు బండికి ఆ మార్పు జరిగినదో లేదో పట్టికలో నుండును. ఇక ఆడి ఎ 4లో కొన్ని సంవత్సరములు వచ్చిన మల్టీట్రానిక్ గేరుబాక్సుకు నేను దూరమునుండియే నమస్కరింతును.

గేరుబాక్సు ఆయిలునకు ఆయుర్దాయము బండి ఆయుర్దాయమే, మార్చనక్కరలేదు అను మాటను నమ్మకుడు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సును చేసి బి.ఎం.డబ్ల్యూ మొదలగువారికిచ్చు జెడ్.ఎఫ్. అను సంస్థయే ఎనుబదివేలు మొదలు లక్షాయిరువదివేల కిలోమీటర్ల నడుమ ఆయిలు మార్చుమని చెప్పుచున్నది; చేసినవారికంటె మనకు తెలియునా? ఇంజను ఆయిలు డబ్బామీద కూడ కంపెనీ అంగీకార సంఖ్య చూచి కొనవలెను: మెర్సిడెస్‌కు 229.51, బి.ఎం.డబ్ల్యూకు లాంగ్‌లైఫ్ 04, ఫోక్స్‌వాగన్ కుటుంబమునకు 507.00. బండిని బట్టి ఇవి మారును గనుక పుస్తకము చూచుకొనుడు. ట్రాక్టరు ఆయిలు పోసిన బండ్లను నేను చూచితిని. వాని సంగతి చెప్పి శ్రోతల మనసు నొప్పింపను.

బండిని చూడబోవుట తెల్లవారుజామున మంచిది. ముందురోజు రాత్రియే అమ్మువానితో, "రేపు నేను వచ్చేదాక బండి స్టార్టు చెయ్యకు అన్నా" అని చెప్పియుంచుడు. వెళ్ళగానే బానెట్టుపై అరచేయి పెట్టుడు. వెచ్చగా తగిలెనా, మీకంటె ముందు ఎవరో మేలుకొని ఏదో దాచినారన్నమాట. చల్లగా నున్నచో, ముందు బండిని కొంచెము దూరమున నిలిచి చూడుడు. ఎయిర్ సస్పెన్షను గల మెర్సిడెస్‌లో రబ్బరు గాలితిత్తి చీలియున్నచో రాత్రికి రాత్రి గాలి దిగి, తెల్లవారుసరికి ఒక ప్రక్క కుంగియుండును. స్టార్టు చేసిన నిమిషములో కంప్రెసరు దానిని ఎత్తి నిలుపును గనుక పట్టపగలు పోయినవానికి ఆ లోపము కనబడదు. ఆ కుంగుబాటును చూడనట్లు వదలిన, కారిపోవు గాలిని నింపి నింపి కంప్రెసరు కూడ కాలిపోవును. పిదప తాళము త్రిప్పుడు. మొదటి రెండు మూడు సెకనులు ఊపిరి బిగబట్టి వినుడు. గొలుసు గలగలలాడిన చప్పుడు వెనుక గోడవైపునుండి వచ్చినచో బేరము అచ్చటనే ఆపుడు. పొగ నల్లనైన గాలి చాలకనో, పొగను మరల ఇంజనులోనికే త్రిప్పు ఇ.జి.ఆర్. వాల్వు మసిపట్టియో యుండును, నీలమైన ఆయిలు మండుచున్నది, తెల్లని పొగ వేడెక్కిన తరువాతను ఆగకున్న, చమురు సరిగా మండుటలేదు, లేక కూలెంటు లోనికి దిగుచున్నది. ఇంజను నడుచుచుండగా ఆయిలు మూత విప్పి చూడుడు. గాలి ఉఫ్ఫుమని చిమ్మెనా, రింగులు అరగినవి. ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు, గంట సమయము చాలును.

2020 తరువాతి బండి, అనగా భారత్ స్టేజి ఆరు (బి.ఎస్. ఆరు) డీజిలు, కొనువారికి మరొక చింత కలదు. మన దేశమున తయారైన తొలి బి.ఎస్. ఆరు కారు 2018 జనవరిలో వచ్చిన మెర్సిడెస్ ఎస్ 350 డి. తరువాత చట్టమే వచ్చినది. వీనిలో పొగగొట్టమున డి.పి.ఎఫ్. అను జల్లెడ మసిని పట్టి నిలుపును. జల్లెడ నిండిన కొలది బండి తనంతట తానే చమురు అధికముగా పంపి సుమారు ఆరువందల డిగ్రీల వేడి పుట్టించి ఆ మసిని కాల్చుకొనును. అయితే అందుకు బండి పావుగంటయో ఇరువది నిమిషములో ఆగక వేగముగా పోవుచుండవలెను. గాంధీచౌకు, బస్టాండు నడుమ తిరుగు బండికి ఆ అవకాశమేది? నిజామాబాదునుండి బోధనుకు ఉన్న ఇరువదియైదు కిలోమీటర్లలోను, ట్రాక్టర్లును, స్పీడ్ బ్రేకర్లును, వెనుకకు చూడక రోడ్డెక్కు గేదెలును ఆ పావుగంట నియ్యవు. కాల్చుట మొదలై నడుమ ఆగిన ప్రతిసారియు మండని డీజిలు కొంత ఇంజను ఆయిలులో దిగును. ఆయిలు మట్టము తగ్గుటకు మారు పెరుగుట చూచి సంతోషించిన అమాయకులు కలరు. ఊరిలోనే తిరుగువారు వారమున కొక్కమారైన డిచ్‌పల్లి వద్ద నలువదినాలుగవ జాతీయ రహదారి నెక్కి, కామారెడ్డివైపు అరగంట నిలకడగా పోయి రావలెను. అంత తీరికయు, అంత చమురును లేనివారు పెట్రోలు బండి చూచుకొనుట మేలు. జల్లెడను కోసి తీసివేయుదుమను మిస్త్రీలు కూడ గలరు. అది చట్టవిరుద్ధము, పీల్చువారు మన పిల్లలే.

ఆ బండ్లలోనే మరికొన్నిటికి పొగను శుద్ధిచేయుటకు యూరియా ద్రవము కూడ పోయవలెను. యూరియా అనగానే మన రైతునకు సొసైటీ గోదాము జ్ఞప్తికి వచ్చును. బండికి పోయునది నూటికి ముప్పదిరెండున్నర పాళ్ళు శుద్ధమైన యూరియా, తక్కినది లవణములు లేని శుద్ధజలము. పొలమునకు వేయు యూరియా వేపపూత పూసినది. దానిని బోరునీటిలో కలిపి ట్యాంకులో పోసినచో ఆ వేపనూనెయు బోరునీటిలోని సున్నమును పేరుకొని, పిచికారి మొన మొదలు ఉత్ప్రేరకము వరకు మూసికొనిపోవును. ఎరువు సంచి మిగిలినదని ఇట్టి పొదుపు చేసిన, ఆ పొదుపు ఒక ఎకరము పంట నంతయు తినివేయును. ట్యాంకు ఎండనిచ్చినను కష్టమే. కొంతదూరము హెచ్చరించి, పిదప బండి స్టార్టు కాక మొరాయించును.

ఇక బండి ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015లో ఆజ్ఞాపింపగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. తదనంతరము దానిపై వాదములు ఎన్ని సాగినను, ఆ భయముతో అచ్చటివారు అగ్గువకు వదలుకొన్న పెద్ద సెడానులు దక్షిణమునకు దిగుచునే యున్నవి. వెల చూచిన నోరూరును. కాని నిరభ్యంతర పత్రము, ఇచ్చటి రిజిస్ట్రేషను, లైఫ్ ట్యాక్సు కలిపి చూచుకొన్న తరువాతనే అది అగ్గువయో కాదో తేలును. సాలూర దాటిన మహారాష్ట్రయే గనుక మనవారు కొందరు నాందేడు నంబరు బండిని ఆ నంబరుతోనే ఏండ్ల తరబడి బోధనులో త్రిప్పుచుందురు. పన్నెండు నెలలు దాటి మరియొక రాష్ట్రమున ఉంచిన బండికి ఆ రాష్ట్రపు నంబరు తీసికొనవలెనని మోటారు వాహనముల చట్టమే చెప్పుచున్నది; నాకాబందీలో ఆపినప్పుడు బంధువుల బండియను మాట ఎల్లకాలము చెల్లదు.

హైదరాబాదు బండియైనచో 2020 అక్టోబరును మరువకుడు. ఆ వరదలలో నగరమున అపార్టుమెంటు సెల్లారులు నిండి ఎన్నియో కారులు మునిగెను. అట్టివి కడిగి ఆరబెట్టి ఎచ్చటెచ్చటికో అమ్ముట వ్యాపారమునకు క్రొత్త కాదు. సీటుబెల్టును చివరివరకు బయటకు లాగుడు; సామాన్యముగా ఎవరును లాగని ఆ చివరి జానెడు పట్టెలో బురద చార కనబడును. సీట్ల క్రింది పట్టాలలో తుప్పు, కార్పెటు క్రింద సన్నని ఒండ్రు, నడుచుచున్న ఎయిర్ కండిషనరులో ముక్క వాసన, వీనిలో ఏ ఒక్కటి తోచినను తిరిగి రండు. ఈ బండ్లలో కంప్యూటర్లు సీటు క్రిందను, డిక్కీలోను కూడ నుండును. నీరు త్రాగిన కంప్యూటరు నేడు కాకున్న రేపు మూలుగును.

బీమా సంగతి చాలమంది తలపరు. పది లక్షల బండికి బీమావారు కట్టు విలువ పది లక్షలలోపే. మరమ్మతు ఖర్చు ఆ విలువలో నూటికి డెబ్బదియైదు పాళ్ళు దాటినచో బండి పూర్తిగా నష్టమైనట్లు లెక్కింతురు. యాబది లక్షల బండి భాగములతో మరమ్మతు చేయవలసియున్నది గనుక, ముందరి భాగము నలిగి, రెండు హెడ్‌లైట్లు, రేడియేటరు, ఎయిర్‌బ్యాగులు పోయినంత మాత్రముననే ఆ హద్దు చేరువగును. కావున విలువను తగ్గించి ప్రీమియము మిగుల్చుకొనుట ఈ బండ్ల విషయమున మంచి లెక్క కాదు.

ఇన్నియు సరిపడినచో కొనుడు, నేను వలదనను. బండి వెలలో నాలుగవవంతు సొమ్మును బ్యాంకులో ప్రత్యేకముగా నుంచుకొని, మొదటి నెలలోనే ఇంజను, గేరుబాక్సు ఆయిళ్ళు, అన్ని ఫిల్టర్లు, బెల్టులు, కూలెంటు, బ్రేకు ద్రవము మార్పించి, ఆ ఖర్చును బేరములోనే తగ్గించుమని అడుగుడు. అడిగిన తగ్గింపరను భయము వలదు, ఈ బండ్లు త్వరగా అమ్ముడుపోవు, ఆ సంగతి అమ్మువానికి మీకంటె బాగుగా తెలియును. ట్రాఫిక్ చలానులు ఎన్ని బాకీయున్నవో ఫోనులోనే చూచుకొనవచ్చును. ఇరువదితొమ్మిది, ముప్పది ఫారములపై అమ్మువాని సంతకము మీ కన్నుల ఎదుట చేయింపుడు. బండిపై అప్పున్నచో, అది తీరినదను ముప్పదియైదవ ఫారము, ఫైనాన్సు సంస్థ ఉత్తరము చేతికి రానంతవరకు బయానాకు మించి ఒక్క రూపాయియు ఇయ్యకుడు. తాళములు రెండును అడిగి తీసికొనుడు. ఈ బండ్లకు రెండవ తాళము క్రొత్తది చేయించుట యన్న, అదియు పదులవేల మాటయే.